పులికాట్ పక్షుల ఛాయాచిత్రములు – ఒక పరిశీలన

ఈశాన్య ఋతుపవనముల వానలు పులికాట్ సరస్సును నింపు దినములలో వలస పక్షులు ఆ నీటికి చేరును. వాని వెంట కెమేరాలును చేరును. శీతకాలమంతయు వార్తాపత్రికలలోను, గోడ క్యాలెండర్లలోను, పాఠశాలల గోడ పత్రికలలోను, చేతి ఫోనులలోను ఈ పక్షుల బొమ్మలు కనబడుచునే ఉండును. చూచినవారు "ఎంత బాగున్నది!" అందురు. అంతటితో ఆ చిత్రమును గూర్చిన విచారణ ముగియును.

విజ్ఞానశాస్త్రము చదువుకొనువారికి ఈ మాట చాలదు. ఛాయాచిత్రము బొమ్మ మాత్రమే కాదు, సాక్ష్యము కూడ. సాక్షిని ప్రశ్నించినట్లే దానిని కూడ ప్రశ్నింపవలెను. ఈ పక్షి ఇచ్చటికి ఎందుకు వచ్చినదో చిత్రము చెప్పుచున్నదా? ఆ చిత్రము కొరకు పక్షి ఏమి చెల్లించినది? ఈ రెండు ప్రశ్నలతో పరిశీలించినచో మిక్కిలి పేరు పొందిన చిత్రములు కొన్ని వెనుకబడును. ఎవరును మెచ్చుకొనని చిత్రములు కొన్ని ముందుకు వచ్చును.

ముందుగా స్థలమును గూర్చి కొంత తెలిసికొనవలెను. పులికాట్ ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొననుండి తమిళనాడులోనికి వ్యాపించిన ఉప్పునీటి సరస్సు. మన దేశమున ఈ తరగతి సరస్సులలో ఒడిశాలోని చిలికా మొదటిది, ఇది రెండవది. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరు చేయుచున్నది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెచ్చును. ముఖద్వారముల గుండ సముద్రపు నీరు వచ్చును. ఈ రెండును కలిసిన లోతులేని నీటిలో శైవలములు, చిన్న రొయ్యలు, పురుగులు, నత్తలు సమృద్ధిగా పెరుగును. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రమునకు పోవు రోడ్డు ఈ సరస్సు మధ్యగా గట్టు మీద సాగును. కనుక పడవ ఎక్కకయే, కాలు తడుపుకొనకయే పక్షులను చూచు అవకాశమున్నది. పులికాట్ చిత్రములు అన్ని పుట్టుటకు ఈ రోడ్డొక కారణము.

ఈ చిత్రములను స్థూలముగా మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది, ఎగురుచున్న ఫ్లెమింగోల గుంపు. రెండవది, ఒంటరి పక్షి ముఖచిత్రము. మూడవది, సూర్యోదయమో సూర్యాస్తమయమో వెనుక నుండగా కనబడు తీరదృశ్యము.

మొదటి తరగతి చిత్రమునకే ఆదరణ ఎక్కువ. అందుకు కారణము పక్షి శరీర నిర్మాణములోనే ఉన్నది. పెద్ద ఫ్లెమింగో నిలబడి ఉన్నప్పుడు దాదాపు తెల్లగా, కొంచెము గులాబి చాయతో కనబడును. దాని ఎర్రదనమంతయు రెక్క పైభాగపు చిన్న ఈకలలో ఉన్నది. ఎగురుటకు ఉపయోగపడు పెద్ద ఈకలు నల్లనివి. రెక్క ముడిచినపుడు ఈ రెండు రంగులును చాలవరకు మరుగుపడును. విప్పినపుడు ఒక్కసారిగా బయటపడును. వందల రెక్కలు ఒకేసారి విప్పుకొనినచో ఆకాశములో ఎరుపు, నలుపు కలిసిన మేఘము లేచినట్లుండును. ఛాయాచిత్రకారుడు ఆశించునది దీనినే.

అయితే ఆ గుంపు ఎందుకు లేచినది? ఫ్లెమింగోలు ఒక మేతస్థలమునుండి మరియొక స్థలమునకు తమంతట తాము పోవుట కలదు. అట్లు పోవునపుడు తరచు మెడలు, కాళ్ళు చాచి, వరుస తీరి ఎగురును. గ్రద్ద వంటి పక్షి పైన తిరిగినప్పుడు లేచుటయు కలదు. కాని మనిషి సమీపించుట వలన, చప్పట్లు కొట్టుట వలన, డ్రోన్ పైకి వచ్చుట వలన లేచుట కూడ కలదు. పక్షులు ఒకదానికొకటి అడ్డు పడుచు నలుదిక్కులకు పోవుచు, క్రింద నీరు చెదరి ఉన్నచో ఆ చిత్రమును కొంత అనుమానముతో చూడవలెను. చిత్రమొక్కదానినే చూచి నిశ్చయముగా తీర్పు చెప్పరాదు. తీసినవాడు దాని క్రింద వ్రాసిన మాటలు ఇచ్చట అవసరమగును. "పులికాట్‌లో ఫ్లెమింగోల విహారము" అను శీర్షిక ఏమియు చెప్పదు. అది విహారము కావచ్చును. పలాయనము కూడ కావచ్చును.

పలాయనమైనచో నష్టమేమి, కొంచెము ఎగిరి మరల దిగునుగదా అని విద్యార్థి అడుగవచ్చును. పెద్ద ఫ్లెమింగో బరువు సాధారణముగా 2 నుండి 4 కిలోగ్రాములు. నీటిపై కొంత దూరము పరుగెత్తినగాని అది గాలిలోనికి లేవదు. ఎగురుటకు విశ్రాంతి సమయముకంటె ఎన్నో రెట్లు శక్తి ఖర్చగును. ఆ శక్తి తిండినుండి రావలెను. ఎగిరినంతసేపు, తిరిగి కుదుటపడునంతవరకు తిండి లేదు. అనగా ఖర్చు పెరుగును, రాబడి ఆగును. రోజుకొకసారి జరిగినచో పక్షి తట్టుకొనును. రోడ్డుపై బండి వెంట బండి ఆగి, ప్రతివాడును "నాకొక్క చిత్రము" అనినచో లెక్క వేరగును.

అదే నీటి అంచున తిరుగు ఉల్లంకి జాతి పిట్టల స్థితి ఇంకను సున్నితమైనది. వానిలో మిక్కిలి చిన్నదగు స్టింట్ బరువు రమారమి 25 గ్రాములు. ఉత్తర ధ్రువమునకు సమీపమున ఉన్న సైబీరియా మైదానములలో పుట్టి అది ఇచ్చటికి వచ్చును. వేసవి రాకమునుపే తిరుగు ప్రయాణమునకు కావలసిన కొవ్వును శరీరములో కూడబెట్టుకొనవలెను. ఫ్లెమింగోల కొరకు బురదలోనికి దిగిన మనిషి మొదట లేపునది వీనినే. అవి చిత్రములో కనబడవు. కనుక వాని నష్టము ఎవరి లెక్కకును రాదు.

ఛాయాచిత్రకారుడు దగ్గరకు పోవుటకు కారణము దురుద్దేశము కాదు, కటకముల గణితము. దూరపు వస్తువు ప్రతిబింబపు ఎత్తు కావలెనన్న కటకపు నాభ్యంతరమును వస్తువు ఎత్తుతో గుణించి దూరముతో భాగించవలెను. 1.2 మీటర్ల ఎత్తున్న ఫ్లెమింగో 120 మీటర్ల దూరమున ఉన్నది. కటకపు నాభ్యంతరము 500 మిల్లీమీటర్లు. ప్రతిబింబము ఎత్తు 5 మిల్లీమీటర్లు మాత్రమే. 24 మిల్లీమీటర్ల ఎత్తుగల చిత్రఫలకములో అది సుమారు ఐదవ వంతు. పక్షి 15 మిల్లీమీటర్లు ఆక్రమింపవలెనన్న దూరము 40 మీటర్లకు తగ్గవలెను. అనగా పక్షి వైపునకు 80 మీటర్లు నడువవలెను. ఆ 80 మీటర్లలోనే తగవంతయు ఉన్నది. పక్షి చిత్రములో పెద్దదిగా ఉండవలెనను పట్టుదల విడిచినచో ఈ నడక అవసరమే ఉండదు.

ఇక రెండవ తరగతి. ఇందులో ఒక పక్షి చిత్రమంతయు నిండి ఉండును. వెనుక నున్నదంతయు మెత్తని రంగుగా కరిగిపోవును. దీనికి శాస్త్రీయమైన విలువ కలదు. ముక్కు ఆకారము, కంటి రంగు, ఈకల అంచులు స్పష్టముగా కనబడును; జాతిని గుర్తించుటకు ఇట్టి చిత్రములు మిక్కిలి ఉపయోగపడును. ఫ్లెమింగో ముక్కు మధ్యలో వంగి ఉండుట, పై దవడ సన్నగా, క్రింది దవడ దొన్నెవలె ఉండుట ఇట్టి చిత్రములోనే బాగుగా తెలియును. కాని చిత్రకారుడు నేపథ్యమును చెరపివేయుటలో నీటిని కూడ చెరపివేయుచున్నాడు. నీరు లేని ఫ్లెమింగో ముక్కు అర్థము కాని పనిముట్టు వంటిది. అది పులికాట్‌లో తీసిన చిత్రమో, జంతుప్రదర్శనశాలలో తీసినదో చెప్పుట కష్టము. గుర్తింపు గ్రంథమునకు తగిన చిత్రము ఆ స్థలమును గూర్చిన చిత్రము కానక్కరలేదు. రెండింటిని ఒకే కొలతతో కొలుచుట పొరపాటు.

మూడవ తరగతి తీరదృశ్యము. ఇచ్చట నీరు, ఆకాశము ఉండును. పక్షులు నల్లని నీడబొమ్మలుగా మిగులును. ఉదయ సాయంకాలముల వెలుగును కోరుట సమంజసమే. ఎండ ముదిరిన తరువాత బురద వేడెక్కి, దానిపై గాలి పొరలు వేరువేరు సాంద్రతలతో కదలాడును; కాంతి వక్రీభవనము క్షణక్షణము మారును. రెండు వందల మీటర్ల గాలి గుండ తీసిన చిత్రము ఎంత మంచి కటకమున్నను అలుకుకొనిపోవును. ఉదయమున ఈ బాధ తక్కువ. అందుచేత తీరదృశ్యమును వేళగాని వేళ తీయలేదని నిందింపనక్కరలేదు.

నిందింపవలసినది రంగును గూర్చి. కెమేరాలోని కాంతిమాపకము సాధారణముగా దృశ్యమును మధ్యస్థమైన వెలుగుగా భావించి లెక్క కట్టును. నల్లని బురద ఎక్కువగా ఉన్నచో వెలుగు మోతాదు పెంచును; తెల్లని పక్షి ఈకల వివరములన్నియు తెలుపులో కలిసిపోవును. మెరయు నీరు ఎక్కువైనచో మోతాదు తగ్గించును; పక్షి బూడిద రంగునకు దిగును. దీనిని సరిదిద్దుట న్యాయమే. కాని సరిదిద్దుటతో ఆగక, ఇప్పటి పరికరములలో ఒక్క మీట జరిపి ఫ్లెమింగోలను మందార పువ్వులవలె ఎర్రబరచుచున్నారు. ఇది అలంకారము కాదు, సమాచారమును నాశనము చేయుట. ఫ్లెమింగో ఎరుపు దాని సొంత శరీరములో మొదటినుండి తయారైనది కాదు. శైవలములనుండి, వానిని తిన్న చిన్న రొయ్యలనుండి లభించు కెరోటినాయిడ్లను శరీరము మార్చుకొని ఈకలలో చేర్చును. పిల్లపక్షులు బూడిద, గోధుమ చాయలలో ఉండి, కొన్ని సంవత్సరములకు గాని పూర్తి రంగు పొందవు. కనుక ఒక గుంపులో బూడిద రంగు పక్షులెన్ని యున్నవో చూచిన పిల్లల సంఖ్య అంచనాకు వచ్చును. అన్నింటికి ఒకే ఎరుపు పూసిన చిత్రములో ఆ పిల్లలు మాయమగుదురు.

రంగు లేకున్నను పక్షి చిత్రము నిలువగలదనుటకు నిదర్శనములు కలవు. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారము గల కెమేరాను నిర్మించెను. అది సెకనుకు 12 చిత్రములు తీసెడిది. పక్షి రెక్క ఎట్లు లేచి ఎట్లు దిగునో కంటికి అందని విషయమును ఆ చిన్న చిత్రములు విడదీసి చూపినవి. వానిలో సొగసు కొరకు చేసినది ఏమియు లేదు; తెలిసికొనవలెనను కోరికయే ఉన్నది. అయినను నేటికిని వానిని చూచినవారు ఆనందింతురు. మన వైపున మద్రాసువాసియైన ప్రకృతి పరిశీలకుడు ఎం. కృష్ణన్ (1912–1996) ప్రధానముగా నలుపు తెలుపు చిత్రములనే తీసెను. రంగు ఆధారము లేనపుడు ఆకారము, నడవడి, పరిసరము అను మూడింటిపై చిత్రము ఆధారపడవలసి వచ్చును. ఆ మూడును చిత్రమునకు మంచి పునాదులే.

మరి మంచి పులికాట్ చిత్రము ఎట్లుండవలెను? రోడ్డు గట్టుమీదనుండి, కదలక, దూరముగా తీసిన ఒక సామాన్య దృశ్యమును ఊహింపుడు. నడుమ ఫ్లెమింగోలు నిలిచియున్నవి. నీరు వాని కాళ్ళ కీలు వరకు వచ్చినది. వెనుకకు వంగు ఆ కీలును చాలమంది మోకాలు అనుకొందురు. నిజమునకు అది మడిమ. అసలు మోకాలు పైన ఈకలలో దాగి ఉండును. మడిమ కీలునుండి పాదము వరకు పెద్ద పక్షులలో సుమారు 25 నుండి 35 సెంటీమీటర్లు. అనగా పక్షి కాలే నీటి కొలబద్ద. చిత్రమును చూచి ఆ చోట నీటి లోతు చెప్పవచ్చును. వాని ముందు, బురద తేలిన అంచున, స్టింట్లు తిరుగుచున్నవి. వాని కాలి ఆ భాగము 2 సెంటీమీటర్లే కనుక అవి అంతకు మించిన లోతుకు పోజాలవు. రెండింటికి నడుమ పొడవాటి ముక్కుల గాడ్విట్లు బురదను పొడుచుచున్నవి. దూరమున, లోతు నీటిలో, గూడబాతులు ఈదుచున్నవి. ఇంకను వెనుక ఒక పడవ, వల కట్టిన కొయ్యలు, సరుగుడు చెట్ల వరుస.

ఈ చిత్రములో ఏ పక్షియు పెద్దదిగా లేదు. కాని ఒకే నీటిని ఇన్ని జాతులు తగవు లేక ఎట్లు పంచుకొనుచున్నవో ఇందులో ఉన్నది. కాలి పొడవు, ముక్కు ఆకారము ప్రతి జాతికిని దాని లోతును, దాని తిండిని నిర్ణయించినవి. నీరు ఒక జానెడు తగ్గినను పెరిగినను ఈ ఏర్పాటంతయు మారిపోవును. ముఖద్వారములు ఇసుకతో పూడినను, వానలు తప్పినను పక్షుల సంఖ్య ఎందుకు మారునో వేరుగా చెప్పనక్కరలేదు. పడవను, కొయ్యలను చిత్రమునుండి కత్తిరించుట చాలమందికి అలవాటు. అది కూడ సరికాదు. ఈ సరస్సుపై బ్రతుకువారిలో జాలరులును ఉన్నారు. వారిని తొలగించిన చిత్రము, ఎవరును లేని ఒక స్వర్గమును చూపి, అసలు సరస్సును దాచును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. రంగుల చిత్రములే ప్రజలను ఆకర్షించును, సూళ్ళూరుపేటలో జరుగు ఫ్లెమింగో పండుగకు జనము వచ్చునది ఆ బొమ్మలను చూచియే, ప్రేమ కలిగిన తరువాతనే రక్షణ కలుగును అని కొందరందురు. ఈ వాదములో నిజము లేకపోలేదు. చూడని వస్తువును గూర్చి ఎవరును శ్రద్ధ వహింపరు. కాని అందమును చూచి వచ్చినవాడు అదే అందమును తానును కెమేరాలో పట్టవలెనని కోరును. పక్షులు ఎగిరిన బొమ్మను చూచి వచ్చినవాడు పక్షులను ఎగురగొట్టుటకే చూచును. చిత్రము ప్రేమను మాత్రమే కాక, నడవడిని కూడ నేర్పును. పైగా పక్షులను రక్షించుటకు ఛాయాచిత్రమే కావలెనను నియమము లేదు. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు, పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలములకు బలమని తెలిసికొని, వేటగాండ్రను అడ్డగించిరి. 1798లోనే కుంపిణీ కలెక్టరు వారి హక్కును గుర్తించెను. ఛాయాచిత్ర విద్య ప్రపంచమునకు ప్రకటింపబడినది 1839లో. ఆ గ్రామస్థులను కదిలించినది బొమ్మ కాదు, పక్షికిని నీటికిని పొలమునకును గల సంబంధమును తెలిసికొనుట. ఆ సంబంధమును చూపగల చిత్రమే నేడు ఎక్కువ మేలు చేయును.

ఉపాధ్యాయులు ఇట్టి చిత్రములను తరగతిలో చక్కగా ఉపయోగింపవచ్చును. గుంపు చిత్రముపై గీతలు గీసి 20 సమానమైన గదులు చేసి, అచ్చటచ్చట మూడు గదులలోని పక్షులను లెక్కింపుడు. 12, 18, 15 వచ్చినచో సగటు 15. గుంపు మొత్తము రమారమి 300. ఒకదాని వెనుక ఒకటి దాగిన పక్షులుండును గనుక అసలు సంఖ్య ఇంతకంటె ఎక్కువ కావచ్చునని విద్యార్థులే గ్రహింతురు. ప్రతి సంవత్సరము జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణన మన దేశమున 1987లో ప్రారంభమైనది. అందులో పాల్గొనువారికి కూడ గుంపులను భాగములుగా అంచనా కట్టు నేర్పు అవసరము. చిత్రమునకు తేది, వేళ, స్థలము, పక్షులు అప్పుడు చేయుచున్న పని అను నాలుగు విషయములు జతపరచినచో పది సంవత్సరముల తరువాత కూడ అది పనికివచ్చును. ఇవి లేనిచో ఎంత గొప్ప చిత్రమైనను గోడకు మాత్రమే పనికివచ్చును.

చిత్రము తీయబోవు విద్యార్థి తెలిసికొనవలసిన గుర్తు ఒకటి ఉన్నది. మేయుచున్న పక్షులు ఒకటొకటిగా తలలెత్తి ఒకే దిక్కునకు చూచినచో, ఆ దిక్కున ఉన్న మనిషి హద్దు దాటినాడని అర్థము. అప్పుడు ఆగిపోవుట కాదు, వెనుకకు తగ్గవలెను. అవి మరల తలలు దించువరకు కెమేరా ఎత్తరాదు.

దీనినుండియే చిత్రములను తూచుటకు ఒక చిన్న ప్రమాణము లభించుచున్నది. ఫ్లెమింగో తినునపుడు తలను తలక్రిందులుగా నీటిలో ముంచును. నాలుకను వేగముగా ఆడించుచు నీటిని లోనికి లాగి, ముక్కు అంచులలోని సన్నని పలకల గుండ బయటకు నెట్టి, మిగిలిన ఆహారమును మ్రింగును. ఆ సమయమున దాని కన్ను కనబడదు, ముఖము కనబడదు, రెక్కల ఎరుపు కనబడదు. "ముఖము పడలేదు" అని చాలమంది అట్టి చిత్రమును పారవేయుదురు. నిజమునకు దాచుకొనవలసిన చిత్రము అదియే. పక్షి ఇంత దూరము ఎందుకు వచ్చినదో అందులో ఉన్నది. తీసినవాని వలన దానికి భయము కలుగలేదనుటకు నీటిలో మునిగిన ఆ ముక్కే సాక్ష్యము.